పారాణి పులి

మా మనవరాలు మొన్న బడి నుంచి పులి అయి వచ్చింది.

పొద్దున రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, మనిషిపిల్లగానే పంపించాను. సాయంత్రం ఆటో దిగేసరికి ముఖమంతా నారింజ రంగు, ముక్కు కొసన నల్లచుక్క, బుగ్గల మీద మీసాలు. బడిలో ఏదో సంబరమట. ఎవరో కుంచెలు పట్టుకొచ్చి, అడిగిన పిల్లకు అడిగిన జంతువును ముఖాన వేసి పోయారట. చెప్పులు కూడా విప్పకుండా నా ముందుకొచ్చి, గోళ్ళు చాచి "గర్ర్ర్" అంది.

భయపడాల్సిన నేను దాని గడ్డం పట్టుకుని బుగ్గ వాసన చూశాను.

"అవ్వా! పులిని ఎవరన్నా వాసన చూస్తారా?"

"ఇదేం పులే, వాసనే లేదు. పులంటే ఆముదం కంపు కొట్టాల. ఊదు పొగ వాసన రావాల. రోంత గొర్రె వాసన కూడా రావాల."

అది నన్ను జాలిగా చూసింది. వాళ్ళమ్మ తడి కాగితంతో తుడిస్తే చిటికెలో పులి పోయి పిల్ల మిగిలింది. మా కాలపు పులి అట్లా పోయే రకం కాదు. పండగ అయిపోయి ఎన్నాళ్ళకో గాని చెవుల వెనక నుంచి దిగేది కాదు. ఆ మాటే అన్నానని, కథ చెప్పేదాకా నా కొంగు వదల్లేదు. దానికి చెప్పింది సగం. మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మాది బెళుగుప్ప దిక్కు పల్లె. వాన ఎప్పుడన్నా వచ్చి ముఖం చూపించి పోయేది. గాలి మాత్రం కొత్తల్లుడిలాగా వచ్చి కూర్చుంటే నెలల తరబడి కదిలేది కాదు. ఎర్రమట్టి, బుడ్డల చేలు, అంటే వేరుశెనగ, గొర్రెలు, ఆ గొర్రెల వెనకాల మా మామ. మా అమ్మకు తమ్ముడు. మా ఇంటికీ మామ ఇంటికీ మధ్య ఒకే గోడ. ఆ గోడ మీది నుంచి చింతకాయ తొక్కు, తిట్లు, పిల్లలు అన్నీ ఇటూ అటూ పోతూ ఉండేవి.

ఊరి మొత్తానికి పెద్ద పండగంటే పీర్ల పండగే. సాయిబుల ఇండ్లు నాలుగో ఐదో, పండగ మాత్రం అందరిదీ. పీర్లను నిలిపే చావిడి ముందర గుండం తవ్వి నిప్పు వేసేవాళ్ళు. ఊరంతా ఊదు పొగ. రొట్టెలు, బెల్లం కలిపి నలిపిన మలీద ముద్దలు ఇంటింటికీ వచ్చేవి. అవి చేతిలో పడగానే మేము పెద్దల ముందు ఒకసారి తినేవాళ్ళం, తలుపు చాటుకు పోయి చెయ్యి నాకేవాళ్ళం. తప్పెట్లు మొదలైతే పాలు తాగే బిడ్డ కూడా కాళ్ళు ఆడించేది. మొక్కుకున్నవాళ్ళు ఆ పండగకు ఒళ్ళంతా రంగు పూసుకుని పులివేషం కట్టేవాళ్ళు.

మా మామ కట్టే పులి నాది. నడక కూడా రాని వయసులో నాకు జ్వరం తగిలి, ఇక దక్కదని ఇంట్లో ఏడుపు మొదలైందట. మామ మేపులోనే గొర్రెలను వదిలేసి, నేరుగా చావిడికి పోయి, "సామీ, ఈ బిడ్డ బతికి నా రొమ్మెత్తు పెరిగేదాకా ఏటేటా పులి కడతా" అని మొక్కినాడట. నేను బతికాను. బతికితే సరా, పెరగాలి కదా! మామ చూస్తే తాటిచెట్టంత మనిషి. నేనేమో మా నాయన పోలిక, పొట్టి. మొక్కు సాగుతూ పోయింది.

"మొక్కేటప్పుడు రోంత కిందికి, నడుముకని మొక్కితే నీ సొమ్మేం పోయేదప్పా?" అని అత్త, అంటే మామ భార్య, ఏటేటా అడిగేది.

ప్రతి పండగకు ముందు మామ నన్ను తన ముందర నిలబెట్టుకుని కొలిచేవాడు. నేను మునివేళ్ళ మీద లేచేదాన్ని. నెత్తిన ఒక మొట్టికాయ వేసి కిందికి దించేవాడు. నేను చెప్పబోయే ఏడు మాత్రం మడమలు నేలకు ఆనించి నిలబడినా నా నెత్తి మామ రొమ్ముకు తగిలింది. మామ నన్ను ఎత్తి గోడ అవతలికి చూపిస్తూ, "అక్కా! నీ కూతురు అందుకునింది! ఇదే కడపటి పులి!" అని అరిచాడు.

మొక్కు తీరే ఏడు ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం మొక్కినారో ఆ బిడ్డ పులి తోక పట్టుకుని గుండం చుట్టూ తిరగాలి. తిరగడం అయ్యేదాకా పులి ఒంటి మీద రంగు చెదరకూడదు. మనిషి తోలు బయటపడితే మొక్కు తీరనట్టే, మళ్ళీ ఏడు కూడా కట్టాల్సిందే.

ఇంకో ఏడు కడితే ఏమవుతుందంటారా? ఏమవుతుందో అత్తకు తెలుసు. అప్పటిదాకా పులికి పూసింది ఎద్దుల కొమ్ములకు, బండిచక్రాలకు పూసే డబ్బా రంగు. పండగ అయినాక కిరోసిన్ గుడ్డతో రుద్ది తీసేవాళ్ళు. ముందటి ఏడు రంగుతోపాటు తోలు కూడా లేచి వచ్చింది. మామ వీపంతా ఎండిన కుంట అడుగులాగా పగిలిపోతే అత్త వేపాకు నూరి రాస్తూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. ఈసారి ఆమె ముందే తేల్చేసింది.

"ఆ డబ్బా మూత తీసినావంటే నేను మా పుట్టింటికి కదిరికి పోతా. పులితోనే సంసారం చేసుకో. రంగు దిక్కు నేను చూడను, నీ పులిని ముట్టను."

అది చాలదన్నట్టు, ఊళ్ళో పులులకు రంగేసే సాయిబు తాత పందిరి గుంజ మీది నుంచి జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వెదురు దబ్బలు వేసి కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"చెయ్యి లేదప్పా. నోరుండాది. నోటితో చెప్తా. పూసేటోళ్ళు యాడుండారు?"

"ముగ్గులేసే చెయ్యి ఈడుండాది కదా తాతా," అన్నాను నేను. నిజానికి నన్నెవరూ అడగలేదు.

తాత నా వేళ్ళు పట్టుకుని తిప్పి చూశాడు. చావిడి దగ్గర ఒకాయన, "ఆడపిల్ల పులికి రంగేసేదేందప్పా?" అన్నాడని తెలిసి, రంగు దిక్కే చూడనన్న మా అత్త వీధిలోకి పోయి కొంగు దోపింది. "పులిని కనేది మగపులా? కట్టేటోడు ఏమీ అనలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంట?" అనింది. దాంతో పులి నా చేతికి వచ్చింది.

డబ్బా రంగు లేకుండా పులిని ఎట్లా చేయాలి? పండగకు ముందు దినాలన్నీ అదే పని. పూసి చూడడానికి ఒక ఒళ్ళు కావాలి కదా, మా తమ్ముడిని పట్టుకున్నాం. బొరుగులు, బెల్లం పెడితే వాడు ఏ జంతువైనా అయ్యేవాడు.

మొదట పసుపు నీళ్ళల్లో కలిపి పూశాను. ఆరినాక వాడు ఒక్క గంతు వేస్తే పులి అంతా దుమ్మయి రాలిపోయింది. బుడ్డల నూనెలో కలిపి పూస్తే కారి కారి మోకాళ్ళ కిందికి చేరింది, పైన పిల్లోడు, కింద పులి. తుమ్మబంకలో కలిపి పూస్తే బాగా పట్టింది గాని ఆరినాక మోచెయ్యి వంచితే పటపటమని పగిలి, వెంట్రుకలు పట్టి లాగింది. వాడు పెట్టిన కేకలకు గొర్రెలు మంద విడిచి చెదిరిపోయాయి. మా అమ్మ గోడ మీది నుంచి తొంగి చూసి, "ఇంట్లో పసుపంతా ఆ నా కొడుకు ఒంటికేనా? రేపు పప్పులోకి వాణ్ణే ముంచుతా!" అంది.

ఆముదం దగ్గర కుదిరింది. వెచ్చ చేసిన ఆముదంలో పసుపు నూరి, పలచగా అరచేత్తో రుద్దాలి. జిగటగా ఉన్నప్పుడే పైన పొడి పసుపు చల్లాలి. నూనె పొడిని పట్టుకుంటుంది, పొడి నూనెను కదలనీయదు. చారలకు దీపం మసి, అదీ ఆముదంలోనే, కాటుక చేసినట్టు.

"చార ముగ్గు గాదమ్మీ," అనేవాడు సాయిబు తాత. "గీసి ఆపేయొద్దు. బొచ్చు ఎట్ల వాలుతాదో అట్ల, ఏలితో లాగి వదిలేయాల. కొస సన్నంగా మాయమైపోవాల."

బొచ్చు మాట వచ్చింది కాబట్టి బొచ్చే పెడితే ఏం పోతుంది అనిపించింది. మామ గొర్రెల బొచ్చును సన్నగా కత్తిరించి, అరచేతిలో పెట్టుకుని, తడి పసుపు మీదికి ఊదాను. నిజంగానే తోలు మీద నూగు మొలిచినట్టు వచ్చింది. ఆనందం పట్టలేక తమ్ముడికి నెత్తి నుంచి పాదం దాకా ఊదేశాను. వాడు తుమ్ములు, గోకుళ్ళు ఆపలేక ఇల్లంతా దొర్లాడు. మామ వచ్చి చూసి, "ఇదేందిది, పులిని చేయమంటే పొట్టేలుని చేసినావే!" అని గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు. దాంతో బొచ్చు మెడకూ భుజాలకూ చాలని తీర్మానించుకున్నాం.

పండగ నాడు పొద్దున గాలి తగలకుండా గొర్రెల కొట్టంలో పని పెట్టుకున్నాం. రంగు పూసుకున్న పులి కూర్చోకూడదు, చేతులు ఒంటికి ఆనించకూడదు. దూలానికి రెండు తాళ్ళు వేలాడదీస్తే మామ వాటిని పట్టుకుని చేతులు చాచి నిలబడ్డాడు. పగుళ్ళు మానిన వీపు మీద ఇంకా గరుకు ఉంది. ముట్టుకుంటే నా వేళ్ళకు తెలిసేది. అక్కడ ఆముదం రెండు మాట్లు రుద్దాను. గరుకులో పసుపు దిగి, చదునుగా ఉన్నచోటు కంటే నిండుగా పట్టింది. అత్త ముఖం పక్కకు తిప్పుకునే బొరుగుల ఉగ్గాని తెచ్చి, పెదాల రంగు చెదరకుండా ముద్దలు చేసి పైనుంచి నోట్లోకి ఎగరేసింది. మిరపకాయ బజ్జీని కూడా అట్లాగే ఎగరేస్తే అది గురి తప్పి తాత కట్టు మీద పడింది. తాత దాన్ని వృథా పోనీయలేదు.

పసుపు అయింది. "ఇప్పుడు కడుపుకు తెలుపు," అన్నాడు తాత.

తెల్లసుద్ద నానబెట్టిన చెంబు ఒకటి నా పక్కన ఉంది. చావిడి గోడలకు కొట్టగా మిగిలిన సున్నపు తేట ఉన్న చెంబు కూడా అక్కడే ఉంది. రెండూ ఇత్తడివే. రెంట్లోనూ తెల్లటి నీళ్ళే. నేను ఒక చెంబులో గుడ్డ ముంచి మామ రొమ్ము నుంచి బొడ్డు దాకా ఒక్క పూత లాగేశాను.

పసుపు మీద సున్నం పడితే ఏమవుతుందో తెలుగునాట పెండ్లి చూసిన ప్రతివాళ్ళకీ తెలుసు. మామ కడుపు ఎర్రగా, చూస్తుండగానే ఎర్రెర్రగా అయిపోయింది.

"అమ్మమ్మా, కడుపు చీలిన పులిలాగుండాడే!" అని అత్త తలుపు పట్టుకుంది.

"మామకు పారాణి! మామ పెండ్లికూతురు!" అని తమ్ముడు చిందులేశాడు.

"చుర్రుమంటాండాదమ్మే, ఏం పూసినావు?" అన్నాడు పులి.

బయట తప్పెట్లు వీధి మలుపు తిరిగాయి. కడిగి మళ్ళీ పూసే పొద్దు లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నా మొక్కు, నా చేత్తోనే పాడయింది అనుకున్నాను. సాయిబు తాత మాత్రం లేచి వచ్చి, మామ కడుపు ముందు వంగి, నుదురు ముడేసి, పక్షి దిక్కు పిల్లి చూసినట్టు ఆ ఎరుపునే చూస్తున్నాడు.

"ఏడ్సొద్దు. గుడ్డ పిండేయి. ఉత్త తడి చాలు. ఆ ఎరుపును పక్కటెముకల మీదికి లాగు, పలచగా. లాగు లాగు, వీపు దాకా పోనీ."

లాగాను. ఎరుపు పలచబడేకొద్దీ నారింజ అయింది. ఇంకా పలచబడితే నిప్పు మీది బంగారం రంగు. పసుపులో అది ఎక్కడ కలిసిందో నాకే తెలియలేదు. పైన మసి చారలు లాగి, సుద్దతో కడుపు మధ్యలో మాత్రం తెలుపు దిద్దాం. అన్ని ఏండ్లూ మా ఊరి పులులు బండిచక్రం లాగా ఒకటే పసుపు. రంగులో రంగు కరిగిన పులిని ఆ రోజే మొదట చూశాం.

"నలభై పులులకు రంగేసినాను. అయ్యన్నీ పిల్లులు," అన్నాడు తాత.

మామ కొట్టం దాటి ఎండలోకి అడుగుపెట్టగానే తప్పెట్లవాళ్ళు ఒక దెబ్బ మరిచిపోయారు. భుజాల మీద బొచ్చు గాలికి లేస్తోంది. ఏటేటా పులి వెంట పడి రాళ్ళేసే పిల్లలు ఆ రోజు వాళ్ళమ్మల చీరెల వెనక దాక్కున్నారు. ఒక ముసలాయన కుక్కను ఎత్తుకుని లోపలికి పోయాడు. ఇంటింటి ముందరా ఆట, ఇంటింటా బెల్లం పానకం. మామ మోకాళ్ళ మీద ఒంగి, వీపు విరిచి, గిరుక్కున తిరిగి చూస్తే ఆ చూపులో గొర్రెలు కాసే మనిషి ఎక్కడా లేడు. నాకు కూడా భయం వేసింది. గర్వంతో కలిసిన భయం, చాలా బాగుండింది.

చావిడి దగ్గరికి వచ్చాం. నా చేతికి తోక ఇచ్చారు. కంబళి ముక్క చుట్టి కుట్టిన తోక. గుండం సెగ కొడుతుంటే తిరగడం మొదలైంది. చెమట పట్టేకొద్దీ పసుపూ సున్నమూ ఇంకా కలిసి, పులి ఇంకా ఎర్రబడుతోంది.

"పులికి కోపమొస్తాండాదప్పా, సూడండి!" అని ఎవరో కేకేస్తే గుంపంతా ఈలలు.

వాళ్ళు ముందర నుంచి చూస్తున్నారు. నేను వెనకాల ఉన్నాను. వీపు మధ్యలో, రెండు భుజాల నడుమ, చెమట గీతలు దిగుతున్నాయి. చార ఒకటి జారిపోయింది. నేను తిరుగుతూ తిరుగుతూ ఉండగానే చింతాకంత తోలు బయటపడింది, అది తమలపాకంత అయింది. చావిడి పెద్దాయన నెమలి ఈకల కట్ట పట్టుకుని, పులిని చూసి ఒప్పుకోవడానికి అటువైపు నిలబడి ఉన్నాడు. ఇంకొంచెం తిరిగితే ఆయనకు ఆ వీపు కనిపిస్తుంది. మళ్ళీ ఏడు, మళ్ళీ రంగు, మళ్ళీ ఆ వీపు. నోరు తెరిచి అరుద్దామంటే ఏమని అరవాలో తెలియలేదు. గుంపులో అత్త కోసం చూశాను. అత్త నా ముఖం చూసింది, తర్వాత మామ వీపు చూసింది.

పులిని ముట్టనన్న మా అత్త, పక్కనున్నామె పళ్ళెంలోంచి గుప్పెడు పసుపు తీసుకుని గుంపును చీల్చుకుని వచ్చేసింది. "మొక్కు తీరే పులికి ఇంటి ఆడది పసుపు పెట్టాల!" అని గట్టిగా అరుస్తూ మామ వీపు మీద ఒక్క చరుపు చరిచింది. అట్లాంటి పద్ధతి ఊళ్ళో అప్పటిదాకా లేదు. కానీ ఆమె గొంతు ఎంత గట్టిదంటే, ఉందనే అందరూ అనుకున్నారు. ఆమె వెనకాలే మా అమ్మ, ఇంకా ఆడవాళ్ళు, గుప్పెళ్ళతో పసుపు పోసేశారు.

చివరి చుట్టు తిరిగేసరికి తోలు కప్పుకుపోయింది. సున్నం తడికి అత్త చెయ్యి పడినచోట ఐదు వేళ్ళూ ఎర్రగా లేచాయి. చారల మధ్యలో అచ్చంగా ఆడమనిషి చెయ్యి. చావిడి పెద్దాయన పులి చుట్టూ తిరిగాడు. వీపు దగ్గర ఆగాడు.

"నేను శానా పులులను సూసినాను," అన్నాడు ఆయన మెల్లగా. "పెండ్లాం చేతి దెబ్బ తిన్న పులిని ఇప్పుడే సూస్తాండా. రంగు చెదరలా. మొక్కు తీరింది."

నెమలి ఈకలు మామ నెత్తిన తగిలాయి, తర్వాత నా నెత్తిన. తప్పెట్లు ఏకమయ్యాయి. మామ నన్ను అమాంతం ఎత్తి రొమ్ముకు హత్తుకున్నాడు. ఆముదం, చెమట, ఊదు, గొర్రె బొచ్చు, అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పుడు కూడా కళ్ళు మూసుకుంటే వస్తుంది. దిగి చూసుకుంటే నా బుగ్గ, మెడ, గౌను అంతా పులి. వారం దినాలు అమ్మ ఎంత చెప్పినా బుగ్గ కడగనివ్వలేదు. మామ వీపు మాత్రం వేన్నీళ్ళు, శెనగపిండితో వెన్నలాగా బయటికి వచ్చింది. అత్త రుద్దుతూ, చెయ్యి గుర్తు ఉన్నచోటు వచ్చేసరికి కాసేపు ఆగింది.

ఆ తర్వాత మామ పులి కట్టలేదు. సాయిబు తాత పోయాడు. ఇప్పుడు చాలా ఊళ్ళల్లో పులులు తొడుక్కునే గుడ్డ చొక్కాలతో వస్తున్నాయి, పండగ అయినాక మడిచి పెట్టెలో పెడతారట.

మనవరాలికి చెప్పని సగం ఇప్పుడు. పోయిన ఏడు మామకు ఊపిరి అందక అనంతపురం తీసుకొచ్చారు. డాక్టర్లు ఏమీ చెప్పలేమన్నారు. అత్త నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. నేను లేచి గోడ దిక్కు తిరిగి, "సామీ, మా మామ లేచి తన కాళ్ళ మీద నడిస్తే పులిని పంపిస్తా" అని మొక్కేశాను. మామ లేచాడు. ఇప్పుడు కట్టె పట్టుకుని నడుస్తున్నాడు. ఒంగిపోయి, నా భుజం ఎత్తుకు వచ్చాడు, నేను పొట్టిదాన్నయినా. మొక్కయితే మొక్కాను, పులి ఎవరు కడతారని ఎవరినడగాలో తెలియక ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. మొన్న ఆ పిల్ల గోళ్ళు చాచి "గర్ర్ర్" అన్నప్పుడు నేను వాసన చూసింది ఊరికే కాదు.

"ఒళ్ళంతా రంగు పూస్తే కదలకుండా నిలబడతావా?" అని అడిగాను.

"తోక ఉంటుందా?" అంది.

"ఉంటాది."

"అయితే నిలబడతా."

వెంటనే ఊరికి ఫోన్ చేశాను. ముందు అత్త తీసుకుని, విషయం విని, "డబ్బా రంగు గాదు కదా?" అని ఒకే ఒక్క మాట అడిగింది. పసుపు, ఆముదమే అన్నాను. సున్నం గోటంత, పిల్ల ఒళ్ళు కాబట్టి అన్నాను. ఫోన్ మామ చేతికి ఇచ్చింది. మొక్కు ఎవరి కోసమో చెప్పాను.

"తోక మటుకు రోంత పొడుగ్గా, గట్టిగా కుట్టించమ్మే," అన్నాడు మామ. "ఈతూరి పట్టుకొని తిరగాల్సింది నేను. ఇంతకన్నా వంగలేను."